రంగసామి మామ గంప కింద ఉల్లంకి పిట్ట

నాకు కోపం వస్తే చెవులు పనిచేయవు. నాలుగేళ్ల కిందట దానివల్ల ఎంత కొంప మునిగిందో చెబితే మీకూ నా మీద ఒళ్లు మండుతుంది. మండాలి కూడా.

అప్పుడు నేను కోయంబత్తూరులో మా చెరువు పక్షుల వాట్సాప్ గ్రూపులో కొత్తగా చేరాను. చేరానో లేదో, చెరువుకు నేనే కలెక్టరునైపోయాను. ఒక పొద్దున పక్కింటి రంగసామి మామ పెరట్లోకి తొంగి చూస్తే కోళ్ల గంప కింద వలస వచ్చిన ఉల్లంకి పిట్ట! దాని కాలికి ఆకుపచ్చ ముక్క. మా వీధిలో ఎవరి కోడి ఎవరిదో తెలియడానికి కాళ్లకు గుడ్డపీలికలు కడతారు. మామ కోళ్లకు ఆకుపచ్చవి. ఇంకేం కావాలి?

"ఏమి మామా, చెరువు పిట్టను పట్టి గుర్తు కూడా కట్టేస్తివా? కొళంబు పులుసు వండుకోడానికా?"

"అయ్యో సామీ! వలలో చిక్కుకోనుండెరా. పాపమని విడిపించి తెస్తిని. రవ్వంత తేరుకుంటే విడిచిపెడదామని ఉండా."

"మరి కాలికి ఆ గుడ్డ?"

"నేను కట్లేదప్పా. వచ్చేటప్పుడే ఉండె."

"ఓహో! గుడ్డ కట్టుకోని అదే వచ్చెనా? నన్నేమి ముట్టాళ్ అనుకుంటివా?"

"సుమ్మా ఊరికే అరవొద్దురా. అది గుడ్డ మాదిరి లేదు, కొంచెం చూడు..."

నేను చూస్తానా? పెరట్లోకి దూరి, గంప ఎత్తి, పిట్టను చేత్తో పట్టుకుని సాక్ష్యానికి ఫోటో తీశాను. ఆ ముక్కను కత్తెరతో కత్తిరించి, నీళ్లు కాగుతున్న పొయ్యిలో పారేశాను. ప్లాస్టిక్ కంపు గుప్పుమంది. గుడ్డకు ప్లాస్టిక్ కంపేమిటని అప్పుడైనా అనుమానం రావాలా? రాలేదు.

పిట్టను చెరువు గట్టున వదిలితే ఎగిరిపోయింది. వెంటనే గ్రూపులో ఫోటో పెట్టి కింద రాశాను: "వలస పక్షి కాలికి ఇది కట్టిన రాక్షసులెవరో, వాళ్లను జైల్లో వేయాలి!"

పది నిమిషాల్లో జవాబు వచ్చింది, పక్షుల మీద పరిశోధన చేసే ఒక మేడం నుంచి. "ఆ రాక్షసిని నేనే. పిట్టలు ఎక్కడెక్కడికి పోతాయో తెలియడానికి అక్షరాలున్న ముక్కలు కడతాం. కట్టినవాటిలో ఈ ఏడాది మళ్లీ కనబడింది ఇదొక్కటే. దాని మీద ఏ అక్షరాలున్నాయి?"

మామ దగ్గరికి పరుగెత్తాను.

"మామా, ఆ ముక్క మీద ఏమి రాసుండెనో చూస్తివా?"

"చూడురా, చూడురా అని నేను మొత్తుకున్నది దానికే గదా! నా కంటికి ఆనలేదు, నువ్వు చదువుతావని చెప్తే పొయ్యిలో వేస్తివి! పైగా నేను రాక్షసుడని, నాకు జైలని గ్రూపులో రాస్తివంట, వీధిలో చెప్పిరి! పోరా అవతలికి!" మామకు అంత కోపం రావడం నేను చూడటం అదే మొదటిసారి.

ఇక మిగిలింది ఫోటో. దాన్ని పెద్దది చేశాను, ఇంకా పెద్దది చేశాను. అక్షరాలు ఉండాల్సిన చోట నా బొటనవేలు.

మేడం కూడా పెద్దది చేసి చూసినట్టున్నారు. గ్రూపులో అందరి ముందూ రాశారు: "మీ వేలిముద్ర చాలా బాగా పడింది. జైలువాళ్లకు పనికొస్తుంది."

ఆ పూటే మామ కోళ్లన్నిటి సాక్షిగా ప్రమాణం చేశాను. ఇకమీదట ఏ ప్రాణి కాలికి ఏమున్నా ముందు చదువుతాను, ఆ తర్వాతే అరుస్తాను. అరవడం మానేస్తానని మాత్రం అనలేదు.