జాకీలకు చెప్పులు తొడిగిన మా యాదయ్య

పోయిన గురువారం పొద్దున మా మరిది యాదయ్య కాలం చేశాడు. చాయ్ తాగి, గ్లాసు కింద పెట్టి, గోడకు ఒరిగి కూర్చున్నవాడు మళ్ళీ లేవలేదు. ఆయన భార్య, నా తోటికోడలు అండాలు, పరుగెత్తుకొచ్చి "అక్కా, ఎంత పిలిచినా పలుకుతలేడే" అని నా భుజం పట్టి గుంజినప్పుడు నేను బియ్యం చెరుగుతున్నాను. చేతిలోని చాట ఎక్కడ పడేశానో, ఆ బియ్యం ఎవరు ఎత్తారో నాకు తెలియదు. గుండె సగమే పనిచేస్తున్నదని, ఎన్నాళ్ళో ఉండడని దవాఖానలో చెప్పి ఏడాది దాటింది. చెప్పినంత మాత్రాన అటువంటి దుర్వార్తకు సిద్ధపడి కూర్చునేవాళ్ళు ఎవరుంటారు? నేను కొత్త కోడలుగా వచ్చిన నాడు నా కొంగు పట్టుకుని "వదినె, మా ఇంట్లనే ఉంటవా ఇగ?" అని అడిగిన మనిషి ఆయన.

అయినా ఒక మాట దాచకుండా రాస్తాను. ఆ పొద్దున ఏడ్చి ఏడ్చి కూర్చున్నాక నా లోపలి నుంచి ఒక నిట్టూర్పు వచ్చింది. అందులో దుఃఖం ఎంత ఉందో ఊరట కూడా అంతే ఉంది. ఇదే మరణం రెండు నెలల ముందు వచ్చి ఉంటే మా యాదయ్య ఒక అభాండాన్ని గుండెల మీద పెట్టుకుని వెళ్ళిపోయేవాడు. నేనూ ఈ నాలుగు ముక్కలు రాయగలిగేదాన్ని కాదు.

ఇబ్రహీంపట్నంలో సాగర్ రోడ్డు పక్కన యాదయ్య వెల్డింగ్ షాపు చాలామందికి ఎరుకే. గేట్లు, కిటికీ గ్రిల్లులు, ట్రాక్టరు ట్రాలీల కొక్కేలు చేసేవాడు. కొన్నేళ్ళ నుంచి కారు వెనక తగిలించుకుని పోయే చక్రాల ఇళ్ళు కూడా మన దిక్కు కనిపిస్తున్నాయి కదా. మంచం, పొయ్యి, స్నానాల గది అన్నీ అందులోనే. ఆ బండిని ఒకచోట ఆపి లోపల అడుగు పెడితే పడవలాగా ఊగుతుంది. ఊగకుండా నాలుగు మూలలా నాలుగు ఇనుప జాకీలు దించుతారు. జాకీ అడుగున అరచేయంత ఇనుప రేకు ఉంటుంది. అది నాపరాళ్ళ మీద జారుతుంది, మెత్తటి మట్టిలో దిగబడుతుంది. ఆ రేకుకు మందపాటి రబ్బరు పాదం తొడగడంలో యాదయ్యది అందె వేసిన చెయ్యి. ఆ పనిని ఆయన "చెప్పులు తొడుగుడు" అనేవాడు.

రబ్బరు పాదం రేకు కంటే ఒక్క పిసరు చిన్నగా ఉండాలి, అప్పుడే బిగిసి పట్టుకుంటుంది. అందుకని ముందు దాన్ని మరిగే నీళ్ళలో వేసి మెత్తబరచాలి. ఒకనాడు షాపులో పొయ్యి పాడైందని నా వంటింట్లోకి వచ్చాడు. నేను పెరట్లోంచి వచ్చేసరికి గంజులో నల్లటి ముక్కలు కుతకుత ఉడుకుతున్నాయి.

"ఏందిరా యాదీ, బువ్వ వండే గంజుల టైర్లు ఉడుకపెడ్తున్నవ్?"

"జర ఆగు వదినె, అయిపాయె. నువ్వు వండే మటన్ కన్న ఇవే జల్ది ఉడుకుతున్నయ్."

నేను గరిటె ఎత్తేలోపల గంజుతో సహా పరుగు తీశాడు. ఆ గంజు మళ్ళీ నా ఇంటికి రాలేదు.

మెత్తబడిన పాదానికి లోపల సబ్బు నీళ్ళు రాసి రేకు మీదికి ఎక్కించేవాడు. నూనె, గ్రీసు దగ్గరికి రానిచ్చేవాడు కాదు. "సబ్బు నీళ్ళు ఎక్కేదాక జారుతయ్, ఎండినంక గట్టిగ పట్టుకుంటయ్. నూనె గట్ల కాదు. అది జారుడు బందు చెయ్యది" అనేవాడు.

ఒకసారి బొంగులూరు నుంచి ఒకాయన వంగిపోయిన జాకీలతో బండి తెచ్చాడు. చక్రం మార్చడానికి బండి మొత్తాన్ని వాటితోనే లేపాడట. యాదయ్య తిట్టలేదు. ఆయనను పక్కన కూర్చోబెట్టుకుని, "అన్నా, బరువు మోసేది చక్రాలు. గిది ఊకె ఊగకుంట పట్టుకునేది. పట్టుకునేటోని నెత్తిన బరువు పెడితె వాడేంగావాలె?" అని ఓపికగా చెప్పాడు.

తొడిగినంత మాత్రాన పని అయిపోయిందనేవాడు కాదు. బండి లోపల బల్ల మీద నిండా నీళ్ళు పోసిన స్టీలు గ్లాసు పెట్టి అండాలును పిలిచేవాడు. ఆమె కాస్త ఒళ్ళున్న మనిషి.

"ఏమే, జర గీ బండెక్కి దిగు."

"నన్ను ఇసుక బస్త అనుకున్నవా? మొన్న గూడ ఎక్కిచ్చినవ్."

"నీ అసొంటి మనిషి ఈ సాగర్ రోడ్డంత దేవులాడినా దొరకది. ఎక్కు."

ఆమె తిట్టుకుంటూనే ఎక్కేది. నీళ్ళు ఒలికితే పని మళ్ళీ మొదటి నుంచి. ఒలకకపోతే ఆ గ్లాసు ఆమె చేతికే ఇచ్చి తాగమనేవాడు. అటువంటి నిష్ఠాగరిష్ఠుడు ఒక్కనాడు, ఒక్క పాదం దగ్గర, తన మాట తానే తప్పాడు. తప్పించినదాన్ని నేనే.

ఏడాదిన్నర కిందటి మాట. తుర్కయాంజాల్‌లో ఉండే ఒక రిటైరైన సారు, ఆయన భార్య సుశీలమ్మ, కొత్తగా కొన్న చక్రాల ఇంటితో షాపు ముందు ఆగారు. తెల్లవారి మొదటిసారి ప్రయాణం పోవాలని తొందర. మూడు పాదాలు సాఫీగా ఎక్కాయి. తలుపు పక్కనున్న నాలుగోది ఎక్కడం లేదు. యాదయ్య చెమటలు కక్కుతున్నాడు. గుండె జబ్బు అప్పటికే మొదలైందని మాకేం తెలుసు? చాయ్ ఇవ్వడానికి పోయిన నేను చూడలేకపోయాను. గాజులు ఎక్కకపోతే మేము చేసే పనే చెప్పాను.

"కొబ్బరినూనె రాయరాదురా. ఎంత బిర్రుగున్న గాజైనా ఎక్కుతది."

వద్దన్నాడు. నేనే ఇంట్లోంచి సీసా తెచ్చి చేతిలో పెట్టాను. అలసిపోయి ఉన్నాడు, రాశాడు. ఎక్కింది. అండాలు ఆ రోజు పుట్టింటికి పోయింది కాబట్టి నీళ్ళ గ్లాసు పరీక్ష కూడా జరగలేదు.

నాలుగో నాడు సారు ఫోన్ చేశాడు. బండి దిగబోయి సుశీలమ్మ పడిందట, తుంటి ఎముక విరిగిందట. "జాకీ జారింది యాదయ్యా" అని ఒక్క మాట అని పెట్టేశాడు.

ఆనాటి నుంచి మా యాదయ్య నవ్వు ఆగిపోయింది. చక్రాల ఇళ్ళు ఏవి వచ్చినా "నాకు రాదు, వేరే తాన చూసుకోన్రి" అని పంపేసేవాడు. షేర్ ఆటో ఎక్కి తుర్కయాంజాల్‌లోని సారు ఇంటి గేటు దాకా రెండుసార్లు పోయి, లోపలికి పోలేక తిరిగి వచ్చాడు. అన్నం ముందు కూర్చుని "ఆమె నడుస్తున్నదో లేదో" అనేవాడు. నేను ఆగలేక ఒకనాడు ఆయన ముందు కూలబడి, "తప్పు నాదిరా, సీస ఇచ్చింది నేను" అన్నాను. "నీ చేతుల సీసనే ఉండె వదినె. పని నాది" అన్నాడు. నూనె ఇచ్చింది నేనని ఇంట్లో గాని, బయట గాని ఒక్కరితోనూ అనలేదు. చివరికి అండాలుతో కూడా అనలేదు. ఎదుటివాళ్ళ తప్పును కూడా తన ఖాతాలో మోసే ఔదార్యం అది. ఆ బరువు కిందే మనిషి శుష్కించిపోయాడు. ఇట్లాగే పోతాడేమోనని నేను వణికేదాన్ని.

రెండు నెలల కింద ఒక పొద్దున ఆ కారు, వెనక ఆ బండి, మా ఇంటి ముందు ఆగాయి. సుశీలమ్మ చేతికర్రతో దిగింది. ఆమె నడవడం చూసి మంచంలో ఉన్న యాదయ్య రెండు చేతులూ జోడించాడు. కుర్చీ వేసినా సారు కూర్చోలేదు.

"యాదయ్యా, ఆ రోజు నేను జాకీలు దించనే లేదు."

"ఏంది సారు?"

"జోరు వాన. తడుస్తనని బద్ధకమై, ఆగినంక దించుత తీ అనుకున్న. ఈమె మెట్టు మీద కాలు పెట్టంగనే బండి ఊగింది. ఏమని చెప్పాల్నో సమజ్ గాక ఈమెతోని జాకీ జారిందన్న. నీకూ గదే చెప్పిన."

సుశీలమ్మ కర్రను నేలకేసి కొట్టింది. "ఆయనంతల ఆయనేం చెప్పలే యాదయ్యా. గానాటి సంది కదల్చని బండి అమ్ముతనంటె మొన్న చూద్దమని పోయిన. నాలుగు చెప్పులకు రోడ్డు దుమ్మే ఉన్నది, బురద చుక్క లేదు. అంత వానల జారిన దానికి బురద అంటలేదేందని అడిగితె అప్పుడు కక్కిండు. అబద్ధమాడిన పిల్లలకు గోడకుర్చీ ఏసిన సారు ఈయన! నేనే గుంజుకొచ్చిన."

సారు తల వంచుకుని నిలబడ్డాడు. ఏమంటాడోనని నేను యాదయ్య ముఖం చూశాను.  ఆయన మెల్లగా నా వైపు తిరిగాడు.

"ఇన్నవా వదినె? నీ నూనె సీస మీద కేసు కొట్టేసిన్రు."

అని నవ్వాడు. ఏడాది దాటాక విన్న నవ్వు అది. నేను చెంగు నోట్లో కుక్కుకున్నాను. "ఏం నూనె? ఏం సీస?" అని అండాలు అడుగుతూనే ఉంది.

ఆ మీదట ఎవరు చెప్పినా వినలేదు. గోడ పట్టుకుని బండి దగ్గరికి పోయి, కింద కూర్చుని, నాలుగో పాదాన్ని రెండు చేతులా గుంజి చూశాడు. కదలలేదు. "మంచిగనే ఉన్నది గదా, ఇగ లే" అంది అండాలు. "ఉండనీ. అయినా నూనెది నూనెదే" అని కత్తితో కోసి తీసి, రేకును తుడిచి, కొత్త పాదానికి సబ్బు నీళ్ళు రాసి తొడిగాడు. వేడినీళ్ళ గిన్నె సారు పట్టుకున్నాడు. ఆఖరున సారు చేతనే నాలుగు జాకీలూ దింపించి, "వాన పడనీ, వడగండ్లు పడనీ, గివి దించినంకనే అమ్మ దిగాలె" అని ఒట్టు వేయించుకున్నాడు. వాళ్ళ మీద ఒక్క పరుషమైన మాట ఆయన నోటి నుంచి రాలేదు.

తర్వాతి రెండు నెలలు మాకు దక్కిన వరం. కడుపునిండా తిన్నాడు, కంటినిండా నిద్రపోయాడు. పొద్దున పూట షాపు ముందు కుర్చీ వేసుకుని కూర్చుని, వచ్చిన బండ్లను వెనక్కి పంపకుండా చూశాడు. డాక్టరు ఇచ్చిన గడువు డాక్టరుదే అయింది గాని, ఆ రోజులు మాత్రం మా యాదయ్యవి.

మూడో దినం నాడు మన్నెగూడ నుంచి ఒకాయన బండి తెచ్చి "యాదన్న లేడా?" అని అడిగాడు. అండాలు లోపలికి పోయింది. ఇక లేడని నేనే చెప్పి పంపాను. రేకులూ రబ్బరూ బజారులో దొరుకుతాయి. ఒక్కసారి తప్పిన పనికి నిద్ర మానుకునే ఆ చేతులు మళ్ళీ దొరకవు.

యాదీ, నీ పని వల్ల ఎవ్వరూ పడలేదురా. గది నీ చెవులతోని ఇన్నంకనే పోయినవ్. మాకు గంతే చాలు. పైలంగ పో బిడ్డా.