కంపౌండరు లింగమూర్తి ముట్టడించిన కోట

లింగమూర్తి కంపౌండరు చేతిలో సూది ఉన్నంతసేపూ నోట్లో కాకతీయుల కాలం ఉండేది. ఎవరికి ఏ రోగమొచ్చినా ఆయన వైద్యం ఏడువందల ఏళ్ల కిందట మొదలయ్యేది. వేములవాడకు పోయి, రాజన్న దర్శనం మరిచి, రాతి మీది శాసనం రాసుకుని తిరిగొచ్చిన మనిషి మా ఎరుకలో ఆయన ఒక్కడే.

ఆయన రెండో పిచ్చి గాలిమర. మంచిర్యాలకు ఆమడ దూరంలో ఉన్న ఆయన పనిచేసే చిన్న దవాఖాన వెనక, అటవీ శాఖ వాళ్ల జంగ్లాతు బంగ్లా బావి మీద నీళ్లు తోడే గాలిమర ఒకటుండేది. గాలి బాగా వీచిన రోజల్లా లింగమూర్తి డబ్బా కెమెరా పట్టుకుని దాని ముందు నిలబడేవాడు. సూదుల గది గోడ నిండా ఆ ఫోటోలే. 1963లో కరీంనగర్ నుంచి కొత్తగా వచ్చిన నర్సు నర్మద వాటిని చూసి జాలిపడింది.

"రెక్కలు కనపడుతలేవు సారూ. అన్నీ ఖరాబైనయి."

"రెక్కలు కనపడకుంటెనే మంచిగొచ్చినట్టు బిడ్డా," అన్నాడు లింగమూర్తి.

ఫోటోల సంగతి వదిలేసింది గానీ, చరిత్ర దగ్గర నర్మద ఊరుకోలేకపోయింది. మెట్రిక్‌లో చరిత్రకు బడి మొత్తానికి మొదటి మార్కు ఆమెది. పిచ్చికుక్క కరిచినవాళ్లకు ఆ రోజుల్లో బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులు, రోజుకొకటి. వాళ్లకు చెప్పేటప్పుడు బోడగుట్ట కోట ముట్టడి పద్నాలుగు రోజులు సాగేది. తొంభై సూదులు పడే క్షయ రోగులకు చెప్పేటప్పుడు అదే కోట, అదే రాజు, అదే ఏనుగు, ముట్టడి మాత్రం తొంభై రోజులు. ఒళ్లు మండి, ఒకరోజు ఆయన బల్ల మీది కాకతీయుల చరిత్ర పుస్తకం తిరగేసింది. అందులో బోడగుట్టకు ఉన్నది ఒకటే వాక్యం. కోట ఒక్కరోజులో లొంగిపోయింది.

మర్నాడు కుక్కకాటు సూదికి పోశం వచ్చాడు. బొగ్గుబాయిలో నెత్తిమీద బండ కూలినా జంకని మనిషి, సూదిని చూస్తే మాత్రం పారిపోవడానికి కిటికీ వెతికేవాడు. ఆ రోజు నాలుగో సూది.

"ఫోటో చూడు పోశం, గాలిమర ఎట్ల తిరుగుతున్నదో. ఇగ నాలుగో దినం కోట తలుపు కాడికి ఏనుగు ఉరికొచ్చింది."

"తలుపు పలిగిందా సారూ?"

"రేపు చెప్త. అయిపోయింది, అంగి దించు."

పోశం చెప్పులు తొడుక్కుంటుంటే నర్మద ఇక ఆగలేకపోయింది. "ఏనుగు లేదు, పాడు లేదు. గా కోట ఒక్కనాడే పడ్డది."

"అయితే కత ఒడిసిందా నర్సమ్మా?"

"ఒడిసింది."

పోశం ముఖం వెలిగిపోయింది. మర్నాడు రాలేదు.

మధ్యాహ్నం అతని భార్య మల్లక్క ఏడుస్తూ వచ్చింది. "సూది వద్దంటుండు సారూ. కత ఒడిసిందట!"

కుక్క విషం తలకెక్కితే మనిషి దక్కడని నర్మదకు తెలుసు. లింగమూర్తి సూదుల డబ్బా, గోడ మీది ఫోటో ఒకటి సంచిలో వేసుకుని నడిచాడు. నర్మద తలవంచుకుని వెంట నడిచింది.

పోశం రెండు చేతులూ పొట్టకు అడ్డం పెట్టుకుని మంచం మీద కూర్చున్నాడు.

"నర్సమ్మ చెప్పింది నిజమే పోశం," అన్నాడు లింగమూర్తి. "కోట పడ్డది."

"మరి గింత దూరం ఎందుకొచ్చిండ్రు సారూ?"

"లోపటికి పోయి చూస్తే రాజు లేడు."

పోశం చేతులు కొంచెం సడలాయి. "యాడికి పోయిండు?"

"సొరంగంలకెల్లి పోయిండు."

"సొరంగమా! పైకప్పుకు కట్టెలు నిలబెట్టిండ్రా? లేకుంటె నెత్తిమీద కూలుతది సారూ!"

"గదే చెప్త. అంగి లేపు."

పోశం అంగి లేపాడు. "ఎంత పొడుగున్నది సొరంగం?"

"పది రోజుల నడక."

నర్మద మనసులో లెక్క వేసుకుంది. పోశానికి ఇంకా పది సూదులున్నాయి.

తిరిగొచ్చే తొవ్వలో ఆమెకు ఏడుపు ఆగలేదు. "మనిషిని సంపేదాన్ని సారూ."

"మా ఇంటామెను గూడ పిచ్చికుక్కనే కరిచింది బిడ్డా," అన్నాడు లింగమూర్తి. "సూది ఏస్తుంటె కిటికీలకెల్లి గాలిమరను చూస్తుండె. అది తిరిగినంతసేపు ఏడ్వకపోతుండె. ఆరోదినం గాలి లేదు, మర ఆగింది. ఇగ నేను రాను అన్నది. మాటలల్ల పెట్టి ఆపుదామంటె నాకు ఒక్క కత రాకపాయె."

లింగమూర్తి సంచిలోంచి ఫోటో తీసి చూసుకున్నాడు.

"ఫోటోల అయితే గాలి ఆగదు," అన్నాడు. "ఆమె పోయినంక గీ మర, గా రాజులు లేకుంటె నేను గూడ దక్కకపోదును."

పోశం పద్నాలుగు సూదులూ వేయించుకున్నాడు. కడపటి రోజున రాజు సొరంగంలోంచి బతికి బయటపడ్డాడు. పోశం దవాఖానంతా వినపడేలా నవ్వాడు.

తరువాతి నెల లింగమూర్తి ఏదో శాసనం కోసం సెలవు పెట్టి పోయాడు. సూదుల గదిలో నర్మద ఒక్కతే ఉంది. క్షయకు చీటీ రాయించుకుని చంద్రవ్వ వచ్చి, సూదిని చూసి వెనక్కి జరిగింది. నర్మద ఆమెను గాలిమర ఫోటో వైపు తిప్పింది.

"బోడగుట్ట కోట సుట్టు తొంభై దినాలు కూసున్నరు అవ్వా…"

"తొంభై ఏంది?" అంది చంద్రవ్వ అనుమానంగా. "మా వాడకట్టు పోశానికి పద్నాలుగే అన్నరట గద?"

చరిత్రలో మొదటి మార్కు తెచ్చుకున్న నర్మద కన్నైనా ఆర్పలేదు.

"పోశానిది చిన్న కోట అవ్వా. జర అటు తిరుగు."