నడిచేదాకా గుర్తుండే మాట

మా వాలీబాల్ మాస్టారు మంగళవారం ఉదయం రాజోలులో కన్నుమూశారు. ఆయన సలహాలు వచ్చే ఫోనులోనే ఆ కబురూ వచ్చింది. ఆదివారం మా మలికిపురం జట్టు ఫైనల్ ఆడాలి. నా సర్వీసేమో ఇంకా నెట్టుకే తగులుతోంది.

పక్షవాతం వచ్చాక ఆయన గ్రౌండుకి రాలేకపోయారు. మేమే వీడియోలు పంపేవాళ్ళం. "బంతి ఎటెళ్ళిందో నాకెందుకమ్మాయ్? నిన్ను వెనక నుంచి తీసి పంపు" అనేవారు. కొబ్బరి డొక్కల కుప్పకి ఫోను ఆనించి తీసుకునేదాన్ని.

ఆయన జవాబు రావడమే ఒక తమాషా. ఎడం చేత్తో కొట్టిన మెసేజ్ ఒకటి వచ్చేది, చదివే లోపు డిలీట్ అయ్యేది. మళ్ళీ ఒకటి, అదీ డిలీట్. చివరికి రెండు మాటలు నిలిచేవి: "మోకాలు వంచు." ఒకసారి విసుగొచ్చి ఫోను చేసి, మొత్తం చెప్పెయ్యొచ్చుగా మాస్టారూ అన్నాను.

"సర్వీసు గీత దాకా నడిచే లోపు మర్చిపోయేది నీకెందుకు? మిగతాది రేపు చెప్తాను."

మొండి మనిషి. ఆ మొండితనం వల్లే నేనీ రోజు జట్టులో ఉన్నాను.

సోమవారం సాయంత్రం నేను పంపిన వీడియో కింద డిలీట్ చేసిన గుర్తు ఒకటే ఉంది. దాని కింద ఏమీ లేదు.

సమాధుల తోట నుంచి తిరిగొచ్చాక, ఆ వీడియో చూశారా అని మాస్టారి భార్యని అడిగాను.

"ఆయ్, చూసేరమ్మా. రాసింది పెద్దదైపోయిందని తీసేసేరు. చిన్నది చేసి పొద్దున్న పంపుతానన్నారు. అందులో ఏం రాసేరో నాకేం తెలుసమ్మా" అంటూ నా చెయ్యి పట్టుకున్నారు.

ఏడుపు ఆగలేదు. కోపం కూడా వచ్చింది, ఆ పెద్దదే ఉంచెయ్యకూడదా అని. కానీ మాస్టారు లేరని ఓడిపోతే ఇన్నాళ్ళూ ఆయన పడ్డ శ్రమ ఏమైపోవాలి?

శనివారం అదే వీడియో ఆయనలాగే చూశాను, బంతిని వదిలేసి నన్ను మాత్రమే. కొట్టబోయే ముందు నా భుజం చెవి దాకా బిగుసుకుపోతోంది. ఆ డిలీట్ గుర్తు కింద నేనే రాయడం మొదలుపెట్టాను. పెద్దదైంది, చెరిపాను. మళ్ళీ రాసి మళ్ళీ చెరిపాను. "భుజం వదులు" అన్నది మిగిలింది. పంపాను.

ఆదివారం ఆఖరి సెట్టులో బంతి నా చేతికొచ్చింది. సర్వీసు గీత దాకా నడిచాను. ఆ మాట ఇంకా గుర్తుంది.