సున్నా గంటల డిస్కు

మా ఊళ్లో ఎవరి కంప్యూటర్ మూత తీసినా, ఆ ఇల్లు ఏ పక్కన ఉందో లోపలి దుమ్మును చూసి చెప్పగలను. పోర్టు దగ్గరి ఇళ్లలో ఫ్యాను రెక్కలకు నల్లటి బొగ్గు పొడి జిడ్డుగా పట్టి ఉంటుంది. ఉక్కు కర్మాగారం వైపు దుమ్ము ఎర్రగా ఉంటుంది, వేళ్ల మధ్య నలిపితే గరగరలాడుతుంది. బొగ్గుతో కరెంటు తీసే పరవాడ వైపు బూడిద రంగు, నోటితో ఊదితే లేచిపోతుంది. బీచ్ దగ్గర దుమ్ము తక్కువే గాని, ఉప్పుగాలికి స్క్రూలు తుప్పుపట్టి ఊడిరావు.

పోర్టులో ఓడల నుంచి దిగే సరుకు లెక్క రాయడం నా ఉద్యోగం. కంప్యూటర్ పని నాకెవరూ నేర్పలేదు. ముప్పై ఏళ్లు దాటాక ఒక పాత మిషన్ తెచ్చి, విప్పి, బిగించి, మళ్లీ విప్పి నేర్చుకున్నాను. రానురాను ఆఫీసులోను, కాలనీలోను ఎవరు కంప్యూటర్ కొనాలన్నా ముందు నన్ను అడగడం అలవాటయింది. అడిగిన వాళ్లందరికీ దాదాపు ఒకే మాటలు చెప్పేవాణ్ణి. పవర్ సప్లయ్ దగ్గర పిసినారితనం వద్దు, అది పోతే మిగతావాటిని కూడా తీసుకుపోతుంది. ఆటలు ఆడని ఇంట్లో గ్రాఫిక్స్ కార్డు దండగ. పాత మిషన్ నెమ్మదించిందని పారేయకండి, వేగంగా చదివే ఎస్‌ఎస్‌డి డిస్కు వేసి ఒక నెల చూడండి. రెండు యాంటీవైరస్‌లు ఎక్కిస్తే ఎక్కువ రక్షణ అనుకోవడం వట్టి భ్రమ. క్యాబినెట్‌ను నేల మీద కాకుండా జానెడు ఎత్తు పీట మీద పెట్టండి, మూడు నెలలకోసారి మెత్తటి బ్రష్‌తో దులపండి. మే నెలలో మధ్యాహ్నం రెండు గంటలకు ప్రాసెసర్ ఎంత వేడెక్కుతోందో ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి, వచ్చే ఏడు పోల్చుకోవడానికి పనికొస్తుంది.

అన్నిటికన్నా గట్టిగా చెప్పేది ఒకటుంది. పోతే తిరిగి రాదనుకున్నది ఏదైనా రెండు డిస్కుల్లో ఉండాలి. ఇప్పుడు ఈ మాట చెప్పే ముందు కాసేపు ఆగుతాను.

ఇలా అడిగిన వాళ్లందరినీ నేను డాబాగార్డెన్స్‌లో ఒకే కొట్టుకు పంపేవాణ్ణి. ఆ కొట్టు యజమాని నాకు పద్దెనిమిదేళ్లుగా స్నేహితుడు. చుట్టరికం ఏమీ లేదు, ఇద్దరం బావా అంటే బావా అనుకునేవాళ్లం. కొత్త హార్డ్ డిస్కు కొనేటప్పుడు చూడాల్సిన తొమ్మిది పరీక్షలు నేనొక కాగితం మీద రాసిస్తే, దాన్ని లామినేషన్ చేయించి గల్లాపెట్టె వెనక గోడకు అంటించుకున్నాడు. డిస్కు ఎన్ని గంటలు తిరిగింది, ఎన్నిసార్లు ఆన్ అయింది, లోపల సమాచారం దాచే గళ్లలో పాడైనవి ఎన్ని, ఎంత వేడెక్కుతోంది, ఇలాంటివి. కొత్తదానికి చాలావరకు సున్నాలే రావాలి. ఎవరైనా బేరానికి వస్తే ఆ కాగితం చూపించి, "ఇది మా బావ రాసింది. ఆయన సరేనంటేనే నాను అమ్ముతాను" అనేవాడు. నాకు అది గర్వంగా ఉండేదని ఒప్పుకుంటాను.

పెందుర్తిలో ఒక రిటైరైన లెక్కల మాస్టారు ఉన్నారు. లెక్కలతో పాటు నలభై ఏళ్లు తమ చర్చిలో పాటల బృందాన్ని నడిపారు. ఆ బృందం పాడినవన్నీ కాసెట్లలో రికార్డు చేసి పెట్టుకున్నారు. పుస్తకాల్లో ఉండే కీర్తనలైతే ఎక్కడైనా దొరుకుతాయి. వీటిలో చాలావరకు ఆ సంఘంలోని కూలీలు, నర్సులు, టీచర్లు తమంతట తాము కట్టుకున్న పాటలు. రాత ప్రతులు లేవు. తొలినాటి గాయకుల్లో ఇప్పుడు నలుగురే మిగిలారు. కొత్తగా చేరిన పిల్లలకు మాస్టారు ఆ పాత గొంతులు వినిపించే వరస నేర్పేవారు.

ఆ కాసెట్లను కంప్యూటర్‌లోకి ఎక్కించింది నేనే. ఏడు నెలల ఆదివారాలు పట్టింది. మొత్తం రెండు వందల పద్నాలుగు పాటలు. మాస్టారిని వెంటబెట్టుకుని మా బావ కొట్టుకు వెళ్లి రెండు డిస్కులు తీసుకున్నాం. తొమ్మిది పరీక్షలూ అక్కడే కూర్చుని నేనే చేశాను. తిరిగిన గంటలు సున్నా, పాడైన గళ్లు సున్నా. కాగితం మీద రాసి మాస్టారికి చూపించాను. పాటలన్నీ రెండింటిలోనూ ఎక్కించి, రెండు ప్రతులున్నాయి గదా అని కంప్యూటర్‌లోవి చెరిపేశాను. ఆ తర్వాత ఆయన అడిగారు, "మరి ఈ కాసెట్లేటి సెయ్యమంటావు బాబూ?" అని. మన ఊరి చెమ్మకు టేపులకు బూజు పడుతుందని, ఇంకో రెండేళ్లలో ఎలాగూ పనికిరావని చెప్పాను. ఆయన వాటిని మున్సిపాలిటీ చెత్తబండికి ఇచ్చేశారు.

పదహారు నెలలు గడిచాయి. ఒక మంగళవారం ఫోన్ చేశారు.

"బాబూ, డిస్కులోంచి టకటకమని సప్పుడొత్తంది. పాటలు తెరుసుకోటం లేదు."

"కంగారు పడకండి మాస్టారూ. రెండోది ఉంది గదా. శనివారం వత్తాను. అందాకా అది వాడుకోండి."

"పరవాలేదంటావా?"

"రెండోది ఎందుకు మాస్టారూ మరి, ఇందుకే గదా."

శుక్రవారం రెండోది కూడా పోయింది.

ఒకే రోజు కొన్న రెండు కొత్త డిస్కులు మూడు రోజుల తేడాలో పోవడం నేనెన్నడూ చూడలేదు. శనివారం ఇంటికి తెచ్చి నా మిషన్‌కు తగిలించాను. రెండూ కొన ఊపిరితో ఉన్నాయి. కాసేపు పలుకుతాయి, కాసేపు ఊరుకుంటాయి. తిరిగిన గంటలు చూస్తే మామూలుగానే ఉన్నాయి, మాస్టారు వాడినన్నే. కాని కొన్ని డిస్కులు ఆ లెక్కను ఇంకోచోట కూడా రాసుకుంటాయి. తయారుచేసిన వాళ్లు తమ కోసం పెట్టుకునే చిట్టా అది. నా తొమ్మిది పరీక్షల్లో అది లేదు. దాన్ని చదివే ఉపాయం ఒకటి ఈ మధ్యే చదివి ఉన్నాను కాబట్టి ప్రయత్నించాను. మాస్టారు వాడినవి తీసేస్తే మొదటి డిస్కు చిట్టాలో నలభై ఒక్క వేల రెండు వందల పన్నెండు గంటలు ఉన్నాయి. రెండోదానిలో మూడు గంటలు తక్కువ. అంటే రోజుకు ఇరవై నాలుగు గంటల చొప్పున నాలుగేళ్ల ఎనిమిది నెలలు. రెండూ పక్కపక్కనే ఒకే పెట్టెలో, ఏ కాపలా కెమెరాలకో పగలూ రాత్రీ తిరిగి తిరిగి అరిగిపోయాక, ఎవరో గంటలు సున్నాకు తిప్పి, పైన శుభ్రంగా తుడిచి, కొత్త కవర్లలో పెట్టారు.

డిస్కు అడుగున చిన్న ఆకుపచ్చ సర్క్యూట్ పలక ఒకటి ఉంటుంది. దాని స్క్రూలు తీస్తే వారంటీ పోతుందని ఎవరూ విప్పరు. విప్పాను. పలక కింద ఎర్రటి దుమ్ము ఉంది. పెందుర్తిలో ఆ రంగు దుమ్ము లేదు.

నేను మరుసటి రోజు రెండు డిస్కులూ సంచిలో వేసుకుని డాబాగార్డెన్స్ వెళ్లాను.

"రా బావా. టీ సెప్పనా?"

డిస్కులు బల్ల మీద పెట్టి, చిట్టా కాగితం పక్కన పెట్టాను. ఒక్క చూపు చూశాడు. ఆశ్చర్యపోతాడేమోనని నేను ఎదురుచూశాను. నన్ను కూడా ఎవరో మోసం చేశారు బావా అంటాడని, అంటే నమ్మేద్దామని నిజంగానే సిద్ధపడి వెళ్లాను.

"ఇదెక్కడ సదివేవు? నీ కాయితంలో లేదు గదా ఇది" అన్నాడు.

"గంటలు సున్నా సేసిందెవరు?"

"నానేటి సేత్తాను? లాట్ అలాగే వచ్చింది. బజారంతా అమ్మతన్నారు. నువ్వు సూసినవన్నీ సరిగ్గానే ఉన్నాయా లేదా? తొమ్మిదికి తొమ్మిదీ పాసు."

"నీకు తెలుసు అవి పాతవని."

"తెలిత్తే ఏటి ఇప్పుడు?"

"నాకో మాట సెప్పొచ్చు గదా బావా."

"సెప్తే నువ్వు జనాన్ని పంపుతావా? నువ్వు అంకె సూత్తే సాలు, ఇంకేటీ సూడవు. ఆ సంగతి నీకన్నా నాకే బాగా తెలుసు." నవ్వాడు కూడా. తర్వాత గొంతు తగ్గించి, "పోన్లే, మాస్టారితో నాను మాటాడతాను. నువ్వు ఊరుకో" అన్నాడు.

"నువ్వు మాటాడకు. నానే సెప్తాను" అని వచ్చేశాను. గోడ మీది నా కాగితం చింపాలని చెయ్యి ఎత్తాను గాని, అది గట్టిగా అంటుకుని ఉంది. నలుగురు చూస్తున్నారు. వదిలేశాను.

ఆ రోజే పెందుర్తి వెళ్లి ఉండాల్సింది. వెళ్లలేదు. వట్టి చేతులతో వెళ్లి మీ పాటలు పోయాయని చెప్పడం కంటే, ఎన్ని పోయాయో, ఎన్ని దక్కాయో తేల్చుకుని వెళ్లడం మర్యాద అనిపించింది. సగం లెక్క చెప్పడం నాకు మొదటి నుంచీ చేతకాదు. ఫోన్‌లో మాత్రం, "సూత్తన్నాను మాస్టారూ, కొంచెం టైం పడద్ది" అని ఊరుకున్నాను. పాడైన గళ్లను దాటుకుంటూ మిగిలిన వాటిని తోడే సాఫ్ట్‌వేర్ పెట్టి, ఆఫీసుకు పోయే ముందొకసారి, వచ్చాక ఒకసారి చూసుకుంటూ పన్నెండు రోజులు నడిపాను. ఒక్కో పాట మొదలు నుంచి చివరి దాకా విని, తెగకుండా ఉన్నవాటినే లెక్కలో వేసుకున్నాను. అరవై ఒకటి దక్కాయి.

వాటిని ఒక పెన్‌డ్రైవ్‌లో ఎక్కించుకుని, చిట్టా కాగితాలు తీసుకుని శనివారం మధ్యాహ్నం వెళ్లాను. మాస్టారు వరండాలో కుర్చీ వేసుకుని కూర్చున్నారు.

"రండి. కూర్సోండి" అన్నారు. ఇన్నాళ్లూ నన్ను నువ్వు అన్న మనిషి.

లోపల బల్ల మీద కంప్యూటర్ పక్కన రెండు కొత్త డిస్కులు ఉన్నాయి.

"మీ స్నేహితుడు వచ్చేడండి, బుధవారం. పాపం ఊరకే తెచ్చిచ్చేడు. తనే బిగించి ఎల్లేడు."

"ఏటన్నాడు మాస్టారూ?"

"అంతా సెప్పేడు. రెండు డిస్కులు ఒక్కసారే పోటం ఎక్కడా ఉండదట గదా. పరీక్షలని మీరేదో సాఫ్ట్‌వేర్ పెట్టేరట, దానివల్ల పోయేయట. మా బావ కావాలని సేసింది కాదు మాస్టారూ, ఆయన్నేటీ అనకండని మరీ మరీ సెప్పి ఎల్లేడు."

వాడు నన్ను తిట్టి ఉంటే నాకో దారి ఉండేది. నా తరఫున మాట్లాడి వెళ్లాడు.

కాగితాలు ఆయన చేతికిచ్చాను. నలభై ఒక్క వేల గంటల సంగతి, గంటలు సున్నా చేయడం, ఎర్రదుమ్ము, అన్నీ వరసగా చెప్పాను. చెబుతున్న కొద్దీ, తప్పు చేసినవాడు కట్టిన కథలాగే నా చెవికే వినిపించింది. మాస్టారు కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూసి ఒళ్లో పెట్టుకున్నారు. లెక్కల మాస్టారు కదా, అంకెలకు భయపడే మనిషి కారు.

"ఆ రోజు కొట్లో కూడా మీరు ఇలాగే ఓ కాయితం సూపించేరండి. అన్నీ సున్నాలు. నమ్మేను. ఇవాళ ఇంకో అంకె సూపిత్తన్నారు. నాను దేన్ని నమ్మను?"

"ఆ రోజు నాకు తెలీలేదు మాస్టారూ."

"మరి రెండు వారాల నుంచీ తెలుసు గదా. అతను వచ్చి సెప్పేడు. మీరు రాలేదు."

లెక్క పూర్తి కావాలని ఆగానంటే ఎవరు ఒప్పుకుంటారు?

"కాసెట్లు ఇచ్చేయమన్నది నానే. అది మాత్రం నా తప్పే" అన్నాను.

"అది మీరు సెప్పక్కర్లేదండి. నాకు గుర్తుంది."

బల్ల మీది డిస్కుల వైపు చూశాను. అవి ఎక్కడ తిరిగి వచ్చినవో నాకు తెలుసు. తెలుసు అనకూడదేమో, గట్టి అనుమానం.

"ఆ కొత్తవాటిని ఒక్క ఐదు నిమిషాలు సూడనివ్వండి మాస్టారూ. మీ ముందరే సూత్తాను."

"వద్దండి. వాటిని ముట్టుకోకండి."

ఆయన ఆ మాట కోపంగా అనలేదు. వేడి గిన్నె దగ్గరికి చెయ్యి పెట్టబోయిన వాళ్లకు చెప్పినట్టు చెప్పారు.

పెన్‌డ్రైవ్ తీసి ఇచ్చాను.

"ఎన్నున్నాయి?"

"అరవై ఒకటి."

"హార్బర్ కూలోళ్లు కట్టిన క్రిస్మస్ పాట?"

ఆ పాట ఏదో నాకు తెలుసు. మొదటి చరణం ఉంది. రెండో చరణం మధ్యలో గొంతులు ముక్కలై ఆగిపోతాయి. అందుకే లెక్కలో వేయలేదు.

"లేదు మాస్టారూ."

ఆయన పెన్‌డ్రైవ్‌ను గుప్పిట్లో పట్టుకున్నారు. లేచి నన్ను గేటు దాకా సాగనంపడానికి వచ్చారు.

"సోమవారం మీ స్నేహితుడు మళ్లీ వత్తానన్నాడు. ఈ అరవై ఒకటీ ఆ కొత్తవాటిలోకి అతని సేతే ఎక్కించుకుంటానండి" అన్నారు.

పెన్‌డ్రైవ్‌ను చొక్కా జేబులో వేసుకుని, జేబు మీద చెయ్యి ఆనించుకుని, నేను బండి తీసేదాకా అక్కడే నిలబడ్డారు.