రెండో పుల్ల

నా మనువు తెగిన పంచాయితీకి అనకాపల్లి అంతా కదిలొచ్చిందని, బెల్లం బళ్లు రోడ్డు మీదే ఆగిపోయేయని ఎవరడిగినా చెబుతుంటాను. అంత లేదు. మా కులపెద్దలు నలుగురు, నా భార్యా, ఆమె తండ్రీ అన్నా, నాతో బెల్లం వండే స్నేహితులు ఇద్దరు ముగ్గురు. బళ్లు ఆగిన మాట నిజమే. ఎద్దులకి నీళ్లు పెట్టడానికి ఆగేయి.

అవి యుద్ధం రోజులు. చెరకు ఆడే కాలమంతా గానుగల దగ్గర పెనం ముందు ఉండేవాణ్ణి, మిగతా ఏడాదంతా కల్లుపాకలో. ఇక పడలేక నా భార్య పిల్లని చంకనేసుకుని రాంబిల్లి దగ్గర పుట్టింటికి పోయింది. పిల్లకి అప్పుడు మూడేళ్లు.

మాలో విడిపోవాలంటే పెద్దల ముందు ఇద్దరూ గడ్డిపుల్లని చెరో కొసా పట్టుకుని విరుస్తారు. దాంతో ఆమె మళ్లీ మనువాడొచ్చు. పిల్ల మాత్రం తండ్రిదే. తల్లి దగ్గర పెరిగినా తిండిగింజలూ బట్టలూ తండ్రే పంపాలి. అదీ వద్దనుకుంటే రెండో పుల్ల ఉంది. దాన్ని తండ్రి ఒక్కడే విరవాలి. విరిచేక పిల్ల ఖర్చూ ఉండదు, పిల్లా ఉండదు.

మొదటి పుల్ల విరిగేక కులపెద్దల్లో పెద్దాయన పిల్లని చూపించి నాకేసి చూసేడు.

"మరి గుంట సంగతేటిరా? గింజలంపుతావా?"

"కల్లుపాకలో పొయ్యగా మిగిలిత్తే పంపుతాడు," అన్నాడు ఆమె అన్న.

నా స్నేహితులు కూడా నవ్వేరు. నాకు మండింది.

"మీ గుంటని మీరే మేపుకోండి. ఆ రెండో పుల్ల ఇలా తెండి."

"తొందరపడకురా. ఇరిసేక మరి అతకదు," అన్నాడు పెద్దాయన.

సింహంలా అరిచి ఫట్టున విరిచేనని చెప్పుకుంటాను. నిజానికి పుల్ల పచ్చిది, వెంటనే విరగలేదు. మెలితిప్పి తెంపేను. తాత ఒళ్లో కూర్చున్న పిల్ల అదేదో ఆటనుకుంది. నేల మీద ఇంకో గడ్డిపరక తీసి, తనూ తుంపి నాకు చూపించింది.

ఆ ఏడు గింజల ఖర్చు తప్పిందని సంబరపడ్డాను. పై ఏడు చెరకు ఆడే రోజుల్లో పెనంలో పాకం పొంగుతుంటే, గరిటెకంటిన బెల్లాన్ని అరచేతిలో ఊదుకుంటూ తినే పిల్ల గుర్తొచ్చింది. మర్నాడూ గుర్తొచ్చింది. ఆగలేక ఒక దిమ్మ గుడ్డలో కట్టుకుని రాంబిల్లి వైపు నడిచేను.

ఆమె అప్పటికే మళ్లీ మనువాడింది, ఆ ఊళ్లోనే. కొత్త మొగుడు వాకిట్లో తాడు పేనుతున్నాడు. అతనితో కలబడ్డానని చాలామందికి చెప్పేను. అతను పీట వేసి మజ్జిగిచ్చేడు.

"ఏటి బావా, ఇలాగొచ్చేవు?"

"గుంటకి బెల్లం తెచ్చేను."

అతను మూట ముట్టుకోలేదు. "తండ్రి పెట్టినట్టయిపోద్ది. పెద్దలు ఒప్పుకోరు. రెండో పుల్ల ఇరిసేసినావు కదా."

"ఇకమీద గింజలు కూడా పంపుతాను. పంపనీ."

"వద్దు బావా. గింజలొత్తే ఎనకాల నువ్వూ వత్తావు. రేపు గుంటని తీసుకుపోతానంటావు. దాని తల్లికి నిద్దరుండదు."

తలుపు చాటున గాజులు కదిలేయి. ఆమె బయటికి రాలేదు. గింజలు పంపడం బరువనుకున్నవాణ్ణి, పంపనివ్వమని ఇలా బతిమాలుతానని ఎన్నడూ అనుకోలేదు.

పిల్ల లోపల్నించి పరిగెత్తుకొచ్చింది.

"అయ్యా, బెల్లం," అంది.

మాలో అయ్యా అని తండ్రినే పిలుస్తారు; నేను చప్పున తలెత్తేను. అది అతని మోకాలు పట్టుకుని అడుగుతోంది.

అతను లోపలికెళ్లి డబ్బులు తెచ్చేడు.

"అమ్ము బావా. కొంటే తప్పులేదు."

ఆ డబ్బులు మొహాన కొట్టి వచ్చేనని ఇన్నాళ్లూ చెప్పుకున్నాను. తీసుకున్నాను. తీసుకోకపోతే పిల్ల నోట్లోకి బెల్లం వెళ్లదు. అతను ఒక ముక్క కొట్టి దాని చేతిలో పెట్టి, "మావకి దండం పెట్టు," అన్నాడు. ఒక చేత్తోనే పెట్టింది.

ఆ తరవాత ఏటా కొత్త బెల్లం పట్టుకెళ్లేవాణ్ణి, అమ్మడానికే. ధర సంతలో కన్నా కాస్త తగ్గించి చెప్పేవాణ్ణి, ఆ తగ్గించిన మేరకైనా నేను పెట్టినట్టని. ఒక ఏడు మరీ తగ్గించేను. అతను సంతలో ఎంత పలుకుతోందో నాకే చెప్పి, ఆ డబ్బంతా నా చేతిలో పెట్టి నా గుప్పిట మూసేడు.