బావి దూలం

దయ్యాలున్నాయంటే నేనెప్పుడూ నమ్మలేదు. మా అక్క పోయాక ఒక్కసారి కూడా నా కలలోకి రాలేదు. వస్తే బాగుండునని ఎదురుచూసినవాణ్ణే. అయినా రాలేదు.

నాది మదనపల్లెలో చెక్క పని. తలుపులు, పూజా మందిరాలు చెక్కుతాను. తీరిక దొరికితే నాకోసం వేరే రకం శిల్పాలు చేసుకుంటాను. వాటికి ముఖాలుండవు, చేతులుండవు.

అక్కను పుంగనూరు దగ్గర ఒక పల్లెలో ఇచ్చాం. బావ కొట్టేవాడు. "ఇంగ నేనీడ ఉండలేనురా, నీకాడికి వచ్చేస్తాండాను" అని ఒకరోజు ఫోన్ చేసింది. ఆ వారంలోనే పెరటి బావిలో పడి చనిపోయింది. నీళ్లు చేదుతూ కాలు జారిందనీ, ఆ పొద్దు తాను బి.కొత్తకోటలో ఉన్నాననీ బావ చెప్పాడు. చూసినవాళ్లెవరూ లేరు. కేసు మూసేశారు.

తర్వాత బావ మళ్లీ పెళ్లి చేసుకున్నాడు. బావి పూడ్పించాడు. గిలక వేలాడిన వేప దూలాన్ని కంచెలో పారేస్తే, ఎవరినీ అడక్కుండా ఆటోలో వేసుకొచ్చాను.

కోపంతోనే చెక్కాను. దూలం మెలితిరిగి కిందికి వంగినట్టు, ఆ కొసను ఎవరో ఇంకా లాగుతున్నట్టు వచ్చింది. గిలక కొక్కెం ఒరుసుకుని పడిన గుంటను మాత్రం ఉలితో తాకలేదు. దానికి 'బరువు' అని పేరు పెట్టాను. చూసేవాళ్లకది వట్టి వంపులు తిరిగిన చెక్క. నాకది వాడి మీద కక్ష.

కుప్పంలో ఒక కాలేజీవాళ్లు ప్రదర్శన పెడితే అక్కడికి తీసుకెళ్లాను. పట్టపగలు, హాలు నిండా పిల్లలు. అంతలో బావ లోపలికొచ్చాడు. అతని రెండో భార్య చెల్లెలు అక్కడే చదువుతోంది. హాస్టల్‌కి సామాన్లు తెచ్చిన మనిషిని, బొమ్మలు చూద్దువు రమ్మని ఆ పిల్లే పిలుచుకొచ్చింది. కిటికీ దగ్గరున్న నన్ను అతను చూడలేదు.

"ఇదేందమ్మా, వంకర కట్టె!" అని నవ్వుతూ దానిమీద చెయ్యి వేశాడు.

నవ్వు ఆగిపోయింది. చెయ్యి తియ్యలేదు. తియ్యలేకపోయాడేమో. అతని మోచేతి నుంచి నీళ్లు ధారగా నేలమీదికి కారాయి. నేను చూశాను. పక్కనున్న ఇద్దరు లెక్చరర్లూ చూశారు.

"యిడిసినా! తాడు నేనే యిడిసినా!" అని అరిచాడు.

నాకు జాలి కలగలేదు. దగ్గరికి వెళ్లి, "ఇంగోసారి సెప్పు బావా, అందురూ ఇంటాండారు" అన్నాను.

చెప్పాడు. చేద ఊడి బావిలో పడితే, తీయడానికి అక్క తాడు పట్టుకుని దిగిందట. పైన ఆ తాడు పట్టుకున్నది తనేనట. ఎవరో మంచినీళ్లు తెచ్చిస్తే, గ్లాసును చూసి గోడవారకు పాక్కుంటూ పోయాడు. నాకు కడుపు నిండినట్టయింది.

పోలీసుల దగ్గరా అదే చెప్పాడు. ఇప్పుడు జైల్లో ఉన్నాడు.

దూలాన్ని గుర్తుపట్టి భయపడి ఉంటాడని మా లాయరు అంటాడు. కావచ్చు. మరి ఆ నీళ్లెక్కడివి? వెంటనే నేనూ, లెక్చరర్లూ దూలాన్ని తడిమి చూశాం. పొడిగా ఉంది. పైకప్పు నుంచి చుక్క కారడం లేదు. అతని చొక్కా మాత్రం పాచి వాసన కొట్టింది.

మొన్న, ఆ రోజు బావను హాల్లోకి పిలుచుకొచ్చిన అమ్మాయి నా షాపుకొచ్చింది. ఆమె మా అక్కను ఎన్నడూ చూసినది కాదు. "అన్నా, ఆ పొద్దు మా పక్కన ఆడమనిషి ఎవురైనా నిలబడుకోనుండిందా?" అని అడిగింది.

"లేదమ్మా. యాల?"

"మా బావ చెయ్యి పెట్టంగానే నా సెవి కాడ ఎవురో అడిగినారన్నా, 'గట్టిగా పట్టుకోనుండావా?' అని."