ఓటు వద్దన్నానని ప్రింట్ ఇవ్వండి

ఈ రోజు డ్రైవింగ్ లైసెన్స్ రెన్యూ చేయించుకోవడానికి వెళ్లాను. కౌంటర్‌లో ఉన్న పెద్దావిడ స్క్రీన్ చూసి వరసగా ప్రశ్నలు చదువుతూ, ఓటరు లిస్టులో పేరు చేర్చమంటారా అని అడిగింది. నాది హెచ్‌వన్‌బీ వీసా, గ్రీన్ కార్డ్ లైన్‌లో పన్నెండో ఏడు. పౌరుడు కానివాడు పొరపాటున ఇక్కడ ‘ఎస్’ అంటే ఆ కార్డు మీద ఆశ వదులుకోవాల్సిందేనని మా ఫ్రెండ్సంతా భయపెడుతుంటారు. నా పాస్‌పోర్ట్ ఆవిడ చేతిలోనే ఉంది. మరి తెలిసీ ఎందుకు అడిగినట్టు?

“నో” అన్నాను. ఆవిడ ఏదో నొక్కింది. ఏం నొక్కిందో నాకు కనబడలేదు.

“నేను నో అన్నట్టు ప్రింట్ ఇస్తారా?”

“అందరినీ అడుగుతాం సర్. ప్రింట్ కావాలన్నది మాత్రం మీరొక్కరే.”

స్క్రీన్ నావైపు తిప్పి చూపించేదాకా అక్కణ్ణుంచి కదల్లేదు.

ఇంటికొచ్చి ఈ ఘనకార్యం చెబుతుంటే, మా ఆవిడ ఆ తాత్కాలిక లైసెన్స్ కాగితం తిరగేసి, “ఇదేంటండీ, ఆర్గాన్ డోనర్ అని ఉంది?” అంది.

ఓటు కంటే ముందు అడిగిన ప్రశ్న అదే అయ్యుంటుంది. వినకుండానే ఎస్ అనేసినట్టున్నాను.

మీరూ ఓసారి మీ లైసెన్స్ తీసి చూసుకుని చెప్పండి. నా గుండె, కళ్లు, కిడ్నీలు తీసుకోవడానికి మాత్రం వీళ్లకి నా వీసా అడ్డు రాలేదు.